మట్టి రుచి చూసే మేస్త్రి

ఈ రోజు పొద్దున పదిన్నరకి మా ముందుగదిలో కూర్చుని, చేతిలో కాఫీ గ్లాసుతో, నేనొక అబద్ధం చెప్పాను. కొత్తదేమీ కాదు. తొమ్మిదేళ్ళుగా చెబుతున్నదే. అలవాటైన అబద్ధానికి ప్రయాస ఉండదు. పంచదార సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా వచ్చేస్తుంది.

వచ్చింది నా పాత విద్యార్థి. ఇంటర్మీడియట్లో నా దగ్గర ఫిజిక్స్ చదివాడు. ఇప్పుడు మండలాఫీసులో గుమాస్తా. భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. కాలవ గట్టు దిగువన స్థలం కొన్నారట. ఇల్లు మొదలుపెడుతున్నారట. నాలుగు మంచి మాటలు చెబుతానని వచ్చారు. మా ఊళ్ళో గృహప్రవేశం చేసిన ప్రతివాడూ మర్నాటి నుంచి ఇళ్ళ సలహాదారుడే. ఆ లెక్కన నాకు సీనియారిటీ ఉంది.

ఆ అమ్మాయి చూపు సోఫా వెనక గోడ మీద పడింది. అక్కడ నేల నుంచి మూరెడు ఎత్తు దాకా రంగు పొక్కులు లేచి, తెల్లగా ఉప్పు పూసి ఉంటుంది. ఏటా రంగు వేయిస్తాను. ఏటా రాలిపోతుంది.

"ఏంటి మాస్టారూ, గోడ ఇలా అయిపోయింది?" అంది.

"ఏం చెప్పమంటావమ్మా. మేస్త్రి పనితనం," అన్నాను.

"ఏ మేస్త్రండీ?"

చెప్పాను. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

"ఆయన పోయారు కదా మాస్టారూ," అన్నాడతను. "మూడు వారాలైంది. మీకు తెలీదాండీ? వాళ్ళమ్మాయి సివిల్ డిప్లమా చేసింది, నాన్నతోపాటే పనులు చూసేది. మా ఇంటి పని ఆ అమ్మాయికే ఇద్దామనుకున్నామండి. సొంతంగా ఆవిడకిదే మొదటి పని. ఎల్లుండి పునాదికి ముగ్గు పొయ్యాలి."

నాకు తెలీదు. ఆయన పోయాడని నిజంగా తెలీదు. "అయ్యో" అన్నాను. అక్కడితో నోరు మూసుకోవచ్చు. లేదా నిజం చెప్పొచ్చు. నేను చేసింది ఇది: గోడ వైపు ఒకసారి చూసి, "ఆలోచించుకోండి మరి" అన్నాను.

"మంచి మాట చెప్పారు మాస్టారూ" అని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది. "చచ్చిపోయినాయన్ని కూడా వదలరా మీరు?"

"నేనేమన్నాను? ఆలోచించుకోండి అన్నాను."

"అది చాలదూ, ఆ పిల్ల చేతిలో పని జారిపోడానికి?" అని, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆవిడకి అంతా తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. నేను వద్దనుకున్నా మేస్త్రి కళ్ళముందుకొచ్చాడు.

పొట్టి మనిషి. గళ్ళ లుంగీ, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చెవి మీద పెన్సిలు. కొత్త స్థలానికి వస్తే ముందు యజమానిని పలకరించడు. పాత మోపెడ్ గట్టున నిలబెట్టి, స్థలం చుట్టూ ఒకసారి నడుస్తాడు. వంగి చిటికెడు మట్టి తీసి నాలుక కొన మీద పెట్టుకుంటాడు. పులుసులో ఉప్పు చూసే ఆడవాళ్ళలా కళ్ళు మూసుకుంటాడు. పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మేస్తాడు. అప్పుడు మన దగ్గరికొచ్చి నమస్కారం పెడతాడు. మట్టితో పరిచయం అయ్యాకే మనిషితో.

బోరు నీళ్ళూ అంతే. దోసిట్లో పట్టి, పుక్కిలించి, ఉమ్మి, "ఈ నీళ్ళతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము మీకంటే ముందు ముసలిదైపోద్దండి. కాలవ నీళ్ళు తెప్పించండి" అనేవాడు.

ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. వెటకారమంతా అండీలోనే ఉండేది. చిరాకు పెరిగేకొద్దీ అండీలు పెరిగేవి. మామూలుగా మాట్లాడుతున్నాడంటే మీరు క్షేమం. ఒక్క వాక్యంలో మూడు అండీలు పడ్డాయంటే మీ పని అయిపోయినట్టే.

ఇల్లు కట్టుకునేవాళ్ళంటే ఆయనకి ఎంత చులకనో చెప్పలేను. "పెళ్ళి చేసేవాడు పురోహితుణ్ణి పిలుస్తాడండి. జ్వరమొస్తే డాక్టర్ని పిలుస్తాడండి. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం అన్నీ తనకే తెలుసండి," అనేవాడు. రైసుమిల్లు ఆసామి ఒకాయన ఫోన్లో బొమ్మ చూపించి, గేటు మీద రెండు సింహాలు, ముందు నాలుగు గుండ్రటి స్తంభాలు కావాలన్నాడు. మేస్త్రి ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుందండి. పైకెళ్ళే మెట్లెక్కడండీ?"

"మెట్లా? ఎక్కడో ఉంటాయిలే. ముందు సింహాలు ఎటు చూడాలో చెప్పు."

"సింహాలు ఎటు చూసినా ఫర్వాలేదండి. వాటికి మేడెక్కే పని లేదు కదండీ. మీరెలా ఎక్కుతారో చెప్పండి."

మెట్లకి చోటు వదలడం నిజంగానే మర్చిపోయారు. ఆఖరికి ఇంటి వెనక ఇనుప నిచ్చెనలాంటిది పెట్టుకున్నారు. ఆసామి ఇప్పటికీ దాని మీంచే డాబా ఎక్కుతాడు, వంగి, ఒక చేత్తో పంచె పట్టుకుని.

ఇంకోచోట వాస్తు చెప్పే ఆయన వచ్చి ఈశాన్యంలో స్తంభం అడ్డంగా ఉంది, తీసెయ్యాలన్నాడు. అప్పటికి శ్లాబు పడిపోయింది. "తీసేద్దామండి, దానికేముందండి," అన్నాడు మేస్త్రి. "తీశాక మొదటి నెల రోజులు తమరే ఈ గదిలో పడుకోవాలండి." స్తంభం ఉంది, గది ఉంది, ఆ ఇంటివాళ్ళూ బాగానే ఉన్నారు.

ఆయన లూథరన్ చర్చి మనిషి. అక్కడా ఊరుకోలేదు. ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో, ఇసుక మీద కట్టినవాడు బుద్ధిహీనుడు, బండ మీద కట్టినవాడు బుద్ధిమంతుడు అని చెప్పారట. ప్రార్థన అయ్యాక ఈయన చెప్పులేసుకుంటూ, "అయ్యగారూ, కోనసీమలో బండ ఎక్కడుందండీ? కోరుకొండ దాకా పోవాలండి. అంటే మనమందరం బుద్ధిహీనులమేనాండీ?" అన్నాడట. పాస్టరు గారు నవ్వేశారు. "ఇసక మంచిదేనండి," అన్నాడట మళ్ళీ. "నలువైపులా గోడ కట్టి కదలకుండా పట్టి ఉంచితే బండకంటే నయమండి. ఇసక మోసం చెయ్యదు. మోసం చేసేది నల్లమట్టండి."

ఆయన చెప్పినవన్నీ ఎవరైనా రాసి పెట్టుకోవాల్సింది. ఎవరూ రాసుకోలేదు, ఎందుకంటే చెప్పింది లుంగీ కట్టుకున్నాయన. బేస్‌మెంటు ఎంత ఎత్తు లేపాలంటే ఇప్పటి రోడ్డుని చూసి కొలిచేవాడు కాదు. "రోడ్డోళ్ళు వచ్చినప్పుడల్లా జానెడు పెంచుతారండి. మీ ఇల్లు పెరుగుద్దాండీ?" అని, నాలుగు అడుగులు లేపేవాడు. "ఇల్లు కడుతున్నావా, ఏనుగెక్కే దిమ్మ కడుతున్నావా?" అని జనం నవ్వేవారు. ఆ నవ్వినవాళ్ళ ఇళ్ళలోకి ఇప్పుడు రోడ్డు మీంచి దిగి వెళ్ళాలి. వాన పడితే వీధి మురుగు కూడా వాళ్ళతోపాటే దిగి వెళుతుంది.

శ్లాబు పడిన మర్నాడు పైన చిన్న చిన్న మళ్ళు కట్టించి నీళ్ళు నింపేవాడు. "వరికైతే మర్చిపోరు కదండీ? ఇదీ నాటేనండి. మూడు వారాలు తడారకూడదు." పనివాళ్ళు కలపడం సుళువని కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ పోస్తే, గరిటెతో తీసినట్టు తాపీతో కొంచెం తీసి, "జీడిపప్పు వెయ్యడం మర్చిపోయారండీ" అనేవాడు. యానాం వెళ్ళి తాగొచ్చిన మర్నాడు ఏ పనివాణ్ణీ గోడ మీదికి ఎక్కనిచ్చేవాడు కాదు. ఇసుక జల్లెడ పట్టడానికి కూర్చోబెట్టేవాడు. కిటికీ పైన సన్‌షేడు అడుగున, అంచుకి ఇవతలగా, వేలు పట్టేంత గాడి తీయించేవాడు. అది లేకపోతే వాన నీళ్ళు అడుగు పట్టుకుని గోడ మీదికి, గోడ మీంచి ఇంట్లోకి వచ్చేస్తాయి. స్నానాలగది అయ్యాక బకెట్ నీళ్ళు గుమ్మరించి, గొంతుక్కూర్చుని, ఆఖరి చుక్క జాలీలోకి పోయేదాకా చూసేవాడు. ఒక్కచోట రూపాయి బిళ్ళంత నిలిచినా టైలు పీకించేవాడు. నున్నటి మెరిసే టైలు కావాలన్నవాళ్ళని, "ఇంట్లో పెద్దవాళ్ళున్నారాండీ?" అని అడిగేవాడు. ఉన్నారంటే, "అయితే బెడ్‌రూమ్ పక్కనే ఎముకల డాక్టరుకి కూడా ఒక గది వేద్దామండి" అనేవాడు.

ఇన్ని తెలిసిన మనిషికి ఒక్క బలహీనత ఉంది. చదువు చెప్పేవాళ్ళంటే భక్తి. తను మూడో తరగతితో ఆగిపోయాడు. మా ఇల్లు కడుతున్న రోజుల్లో కూతురు డిప్లమా మొదటి ఏడు. ఆ పిల్లకి రాని ఫిజిక్స్ లెక్కలున్న నోటు పుస్తకం సంచిలో పెట్టుకొచ్చేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, పుస్తకం నాకు రెండు చేతులతో అందించేవాడు. నేను చేసిచ్చేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. ఆయన నన్ను మీరు అనేవాడు, నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు.

మా స్థలం పల్లం. ఒకప్పుడు వరిచేను. పునాది లేచి, బేస్‌మెంటు గోడలు నడుమెత్తు వచ్చాయి. ఇక గోడల మధ్య నింపాలి. బొండు ఇసుక పోయించమన్నాడు. మావైపు పల్లపు స్థలాలు మెరక చేసుకునే సన్నటి ఇసుక అది. ఆ ఏడే మా బావమరిది సముద్రం వైపున్న రొయ్యల చెరువు లోతు చేయిస్తున్నాడు. అడుగున పేరుకున్న నల్లమట్టి ఎక్కడ పొయ్యాలో తెలీక అందరినీ పట్టుకుపొమ్మంటున్నాడు. "బావా, ఇనుములాగ గట్టిపడుద్ది. ఊరికే వస్తుంటే ఇసకెందుకు కొంటావు?" అన్నాడు. నాకు నచ్చింది. ఊరికే వచ్చేది ఎవరికి నచ్చదు?

మొదటి ట్రాక్టరు మట్టి దింపిన పొద్దున మేస్త్రి వచ్చాడు. చిటికెడు నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ రోజు ఒట్టి ఉమ్మితో సరిపోలేదు. నీళ్ళు తెప్పించుకుని రెండుసార్లు పుక్కిలించాడు.

"ఇదెక్కడిదండీ?"

"చెరువు మట్టి. మా బావమరిది పంపించాడు."

"రొయ్యలకి చెప్పే తెచ్చారాండీ?"

"వెటకారం ఆపు మేస్త్రీ. నష్టమేంటో చెప్పు."

"ఎండితే బీటలు తీసుద్దండి, తడిస్తే ఉబ్బుద్దండి. ఏడాదికోసారి మీ నేల లేచి కూర్చుంటదండి. పైగా ఉప్పండి. ఉప్పు కింద పడుండదు. తడి పట్టుకుని గోడెక్కుద్దండి."

"ఎక్కడానికి దానికేమైనా కాళ్ళున్నాయా?" అన్నాను.

దీపం వత్తి నూనెని పైకెలా లాగుతుందో, సన్నటి గాజు గొట్టంలో నీళ్ళు తమంతట తాము ఎలా ఎక్కుతాయో, ఇరవై ఏళ్ళు నల్లబోర్డు మీద బొమ్మ వేసి చెప్పినవాణ్ణి. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అది. ఏటా వస్తుంది. మూడో తరగతి చదివినాయన నా పాఠం నాకు చెబుతుంటే, కాళ్ళున్నాయా అని అడిగాను.

ఆయన అరచేతిలో మట్టి నా ముందుకి చాపాడు. "నా మాటెందుకండీ. చిటికెడు నాలిక మీద పెట్టుకోండి మాస్టారూ."

"ఛీ, అవతల పారెయ్."

పారేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. "ఇది ఎత్తించేశాక కబురు పెట్టండి" అని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. ఒక తాపీ పనివాడు లెక్చరర్ ఇంటి పని ఆపేసి కూర్చోవడమేంటని నాకు ఒళ్ళు మండింది. ఆ నాలుగు రోజుల్లో ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు తెప్పించి, గోడల మధ్య ఆ నల్లమట్టే నింపించాను. పైన అడుగు మందం ఇసుక పరిపించాను. తవ్వితే తప్ప తెలీదు. అప్పుడు కబురు పెట్టాను.

వచ్చాడు. ఇసుక చూశాడు. మొహం విచ్చుకుంది. "మంచి పని చేశారండి" అన్నాడు. ఇసుక దిగడానికి నీళ్ళు పెట్టించాడు. ఇసుకలో పోసిన నీళ్ళు వెంటనే ఇంకిపోవాలి. ఇంకలేదు. అద్దంలా నిలబడ్డాయి. గొంతుక్కూర్చుని కాసేపు వాటినే చూశాడు.

"ఇసక నీళ్ళు తాగట్లేదేంటండీ?"

లేచి, గోడకి ఆనించి ఉన్న గునపం తీసుకున్నాడు. మొన ఇసుక మీద ఆనించాడు. ఒక్కసారి బలంగా దింపితే చాలు. దింపలేదు. నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, కింద దాకా ఇసకేనాండీ?"

"ఇసకే."

గునపం మొన ఇంకా ఇసుక మీదే ఉంది.

"నా మీద నమ్మకం లేకపోతే పొడిచి చూసుకో," అన్నాను.

గునపం తీసుకెళ్ళి మళ్ళీ గోడకి ఆనించేశాడు. "ఎంతమాటండీ. పిల్లలకి పాఠాలు చెప్పే మీరు అబద్ధమెందుకు చెబుతారండీ."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని తర్వాత ఎన్నిసార్లు వెతికానో. లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

రెండు వానాకాలాలు తిరిగేసరికి నేల కుంగింది. టైళ్ళు డొల్లబోయి, నడిస్తే కుండ మీద కొట్టినట్టు చప్పుడు. గోడల అడుగున ఉప్పు పూత. ఎవరి ద్వారానో విని ఆయనే వచ్చాడు. వేలి కణుపుతో నాలుగు టైళ్ళు కొట్టి చూశాడు. గోడ మీది తెల్లపొడి గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. కాఫీ తీసుకోలేదు.

"ఇక మీ ఇంట్లో ఉప్పు కొనక్కర్లేదండి మాస్టారూ," అని, మా ఆవిడకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అంతే. ఎందుకు చేశారని అడగలేదు. నాకు అప్పుడైనా సిగ్గు రావాలి. కోపం వచ్చింది. ఆ వారంలోనే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో, కటింగ్ షాపులో, పెళ్ళిభోజనాల దగ్గర, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను, మేస్త్రి నన్ను ముంచేశాడని. జనం ఎంత సంతోషంగా నమ్మారంటే! ఆయన అండీలు తగలని ఇల్లు ఊళ్ళో లేదు మరి. సింహాల ఆసామి నమ్మాడు. స్తంభం తియ్యమన్న వాస్తు ఆయన అందరికంటే ముందు నమ్మాడు. ఒక్క మనిషి చేత ఇన్నేళ్ళూ మాటలు పడ్డవాళ్ళందరికీ నేను మంచి అవకాశం ఇచ్చాను.

సరిగ్గా అప్పుడే వాళ్ళ సంఘం పాత చర్చి తీసేసి కొత్తది కట్టాలనుకుంది. ఆయనకి అదెంత కావాలో ఊరందరికీ తెలుసు. "అందరి ఇళ్ళూ కట్టానండి. దేవుడి ఇల్లొకటి కట్టేసి తాపీ కడిగి పెట్టేస్తానండి" అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్నాడు. సంఘ పెద్దల్లో ఒకరు మా వీధిలోనే ఉంటారు, రిటైరైన హెడ్మాస్టారు. ఆయనా, ఇంకో ముగ్గురూ మా ఇంటికొచ్చారు. చదువుకున్నవారు, ఉన్నమాట చెప్పండి అన్నారు. నేను నోటితో పెద్దగా ఏమీ చెప్పలేదు. సోఫా జరిపి గోడ చూపించాను.

చర్చి పని వేరే కాంట్రాక్టరుకి పోయింది. కొన్నాళ్ళకి హెడ్మాస్టారు వీధిలో కనబడి చెప్పారు. నిర్ణయించే ముందు మేస్త్రిని పిలిచి అడిగారట. "ఆ పని నాదేనండి. పొడిచి చూడాల్సింది, చూడలేదండి. తప్పు నాదే" అన్నాడట. నా పేరు ఎత్తలేదు. ఆ మాట విన్న మనిషి చెయ్యాల్సింది ఒక్కటే. నేను చెయ్యలేదు. "చూశారా, ఒప్పుకున్నాడు" అన్నాను. ఆ వాక్యం నాదే. నా జన్మలో అంతకంటే నీచమైనది ఇంకొకటి అన్నట్టు గుర్తులేదు.

కొత్త చర్చి మొదటి వానకే కారింది. ప్రార్థనలో అందరూ తలలు వంచితే, ఆయనొక్కడూ తలెత్తి శ్లాబుకేసి చూస్తుండేవాడట. ఒకాయన మోచేత్తో పొడిస్తే, "నేనూ ప్రార్థనే చేస్తున్నానండి, అది మన మీద పడకూడదని" అన్నాడట. ఊళ్ళో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

ఈ పొద్దున నేను "ఆలోచించుకోండి మరి" అన్నది ఈ మనిషి గురించే.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. నా విద్యార్థికి ఫోన్ చేశాను. "మీ ఇద్దరూ మళ్ళీ రండి. వచ్చేటప్పుడు మేస్త్రి గారి అమ్మాయిని కూడా తీసుకురండి," అన్నాను. ఎందుకని అడిగాడు. రమ్మన్నాను. తర్వాత హెడ్మాస్టారి ఇంటికి నడిచి వెళ్ళాను. బనీనుతో వరండాలో పేపరు చదువుతున్నారు.

"ఒకసారి మా ఇంటికి రావాలండి."

"ఏంటి మాస్టారూ, ఏమైనా ఫంక్షనా?"

"కాదండి. నేల పగలగొట్టాలి. మీరు చూడాలి."

అందరూ వచ్చేసరికి సోఫా జరిపేసి, పక్కింటి నుంచి తెచ్చిన సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చున్నాను. రెండు దెబ్బలకే టైలు విరిగింది. దాని కింద కాంక్రీటు ఎప్పుడో ముక్కలైపోయింది. ఇసుక కుంగి, మధ్యలో చెయ్యి దూరేంత ఖాళీ. ముక్కలు తీసి పక్కన పెట్టి, ఇసుక చేతులతో తోడాను. ఆయాసం వచ్చింది. "మీరు లేవండి మాస్టారూ, నేను తీస్తాను," అన్నాడు నా విద్యార్థి. వద్దన్నాను. అడుగు లోతులో చేతికి జిగురుగా, నల్లగా తగిలింది. పిడికెడు పైకి తీశాను. చెరువు ఎండగట్టిన రోజు వచ్చే వాసన గదంతా కమ్మేసింది.

హెడ్మాస్టారు వంగి చూశారు.

"ఇదెవరు పోయించారు?"

"నేనే. ఆయన వద్దన్నారు. నాలుగు రోజులు పని మానేశారు. ఆయన లేనప్పుడు నింపించి పైన ఇసుక కప్పించాను. కింద దాకా ఇసుకేనా అని అడిగితే, ఇసుకే అన్నాను."

హెడ్మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. "నన్ను కూడా వాడుకున్నావన్నమాట," అన్నారు. ఆయన నన్ను ఎప్పుడూ నువ్వు అనలేదు. అనాల్సిందే.

మేస్త్రి కూతురు హెల్మెట్ చేత్తో పట్టుకుని గొయ్యి పక్కనే నిలబడి ఉంది. ఒకప్పుడు నేను లెక్కలు చేసిచ్చిన నోటు పుస్తకం పిల్ల. "నాన్న పొడిచి చూడలేదాండీ?" అంది.

"గునపం తీశారమ్మా. పాఠాలు చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పరని మళ్ళీ పెట్టేశారు."

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. క్షమిస్తుందని కూడా, సిగ్గులేకుండా, అనుకున్నాను. రెండూ జరగలేదు.

"నాకు పని నేర్పేటప్పుడు రోజూ ఒకటే చెప్పేవారు," అంది. "ఎవరు చెప్పినా వినకు, నువ్వు పొడిచి చూడు అని. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా అని కూడా అనేవారు. ఎవరి గురించో ఎప్పుడూ చెప్పలేదు." నా విద్యార్థి వైపు తిరిగింది. "రేపు పొద్దున మీ స్థలం చూడాలండి. నింపే మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారో అక్కడికి కూడా నేనే వస్తాను. మీరు చెబితే నమ్మనండి. మీకిష్టమైతేనే."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు అతను. అతని భార్య అప్పుడే రాసుకోడానికి ఫోన్ తీసి, పొద్దున ఎన్నింటికి వస్తారని ఆ అమ్మాయిని అడుగుతోంది.

నేనూ అడిగాను. "అమ్మా, ఈ నేలంతా తీయించి నువ్వే మళ్ళీ వెయ్యాలి."

"మీ ఇంటి పని నేను చెయ్యనండి," అని హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

హెడ్మాస్టారు లేచారు. "గొయ్యి పూడ్చకు. మిగతా ముగ్గుర్ని పంపిస్తాను. వాళ్ళకి కూడా నువ్వే చెప్పు." వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక వీధిలో వాళ్ళు వచ్చారు. రైసుమిల్లు ఆసామి కారు దిగి వచ్చాడు. ఒక్కొక్కరూ గొయ్యి అంచున నిలబడి, ముక్కు మూసుకుని, ఎవరు పోయించారని అడిగారు. లేచి నిలబడి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆసామి నన్ను ఎగాదిగా చూసి, "పిల్లలకి నువ్వు చెప్పే ఫిజిక్స్ ఇదేనా?" అన్నాడు. "ఇది కాదండి" అన్నాను.

అందరూ వెళ్ళిపోయాక, ఇంకా వెలుతురు ఉండగానే, మేస్త్రి గారి భార్య వచ్చింది. కూతురు ఆవిణ్ణి వీధి గేటు దగ్గర దింపి, తను లోపలికి రాలేదు. మా ఆవిడ కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు. గొయ్యి వైపు చూడలేదు. తెల్లచీర కొంగు భుజం మీదుగా లాక్కుని, గోడ పక్కన నిలబడి నా మొహమే చూసింది.

"మా అమ్మాయి చెప్పిందండి. మీ నోటితో వినాలని వచ్చాను," అంది.

చెప్పాను. ట్రాక్టర్లు, ఇసుక, ఆయన అడిగిన మాట, నేను చెప్పిన మాట, చర్చి పెద్దలకి చూపించిన గోడ, ఈ పొద్దున అన్న మాట. ఏదీ వదలలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

మేస్త్రి గారి భార్య చివరి దాకా వింది.

"ఇంకోసారి చెప్పండి," అంది.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.